ఏమీ అడగని కాపలా

పెద్దవాళ్లు ఇంట్లో జారిపడితే తగిలే దెబ్బ ఒకటైతే, లేవలేక నేలమీద పడి ఉన్న సమయం చేసే నష్టం మరొకటి. గంటకు మించి అలాగే ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. నేలకు ఒత్తుకున్నచోట చర్మం పుండు పడుతుంది. నలిగిన కండరాల నుంచి రక్తంలో చేరే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎముక విరగకపోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 90 ఏళ్లు దాటినవారిని ఏడాదిపాటు దగ్గరగా గమనించిన పరిశోధన ఒకటి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ ఏడాదిలో 265 పడిపోయిన ఘటనలు నమోదయ్యాయి. పడినవారిలో 30 శాతం మంది ఒక్కసారైనా గంట, అంతకు మించి నేలమీదే ఉండిపోయారు. వాళ్లలో చాలామందికి సాయం కోసం నొక్కే అలారం బటన్ అందుబాటులో ఉంది. ఎక్కువమంది దాన్ని వాడనేలేదు. కొందరికి చెయ్యి అందలేదు, కొందరికి ఆ క్షణంలో తోచలేదు. తామే లేవగలమనుకున్నవారు కొందరైతే, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నవారు మరికొందరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 80 శాతానికి పైగా మనలాంటి అల్ప, మధ్య ఆదాయ దేశాలవారే. అన్ని వయసుల్లోకీ 60 దాటినవారికే ఈ గండం ఎక్కువ.

బటన్‌ది ఎలాంటి లోపమో, పడిపోతే గుర్తించే చేతి గడియారానిదీ అలాంటిదే. దాన్ని రోజూ చార్జింగ్ పెట్టాలి, పెట్టుకోవడం గుర్తుండాలి, స్నానానికి వెళ్లేటప్పుడు చాలామంది తీసేస్తారు. జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ ఆ తడి నేలమీదే. మతిమరుపు జబ్బు ఉన్నవారికైతే ఇవేవీ కుదరవు. పోనీ కెమెరా పెడదామంటే, పడకగదిలో, స్నానాలగదిలో కెమెరా కింద బతకడానికి ఎవరు ఒప్పుకుంటారు? అందుకే గత పుష్కరకాలంగా కొందరు శాస్త్రవేత్తలు మరో దారిలో నడుస్తున్నారు. పెద్దవాళ్ల ఒంటిమీద ఏదీ తగిలించకుండా, వాళ్ల బొమ్మ తీయకుండా, గదిలోని రేడియో తరంగాలతోనే వాళ్ల నడకను, నిద్రను, ఊపిరిని కనిపెట్టే దారి అది.

తిరిగొచ్చే తరంగం ఏం చెబుతుంది?

మన శరీరంలో సగానికి పైగా నీరే. రేడియో తరంగం శరీరాన్ని తాకినప్పుడు కొంత లోపల ఇంకిపోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. బావిలోకి వంగి కేకేస్తే, ఆ కేక తిరిగొచ్చిన ఆలస్యాన్నిబట్టి నీరెంత లోతులో ఉందో అంచనా వేయవచ్చు కదా, ఇక్కడి సూత్రమూ అదే. అయితే రేడియో తరంగం నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తాకి తిరిగిరావడానికి 20 నానోసెకన్లు చాలు. అంత చిన్న ఆలస్యాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి ఇంజనీర్లు ఒక ఉపాయం వాడతారు. పంపే తరంగం పౌనఃపున్యాన్ని నిలకడగా ఉంచకుండా క్రమంగా పెంచుకుంటూ పోతారు. తరంగం వెళ్లి వచ్చేలోగా పరికరం కాస్త ఎక్కువ పౌనఃపున్యానికి చేరి ఉంటుంది. పంపుతున్నదానికీ, తిరిగొచ్చినదానికీ మధ్య ఉన్న తేడాను కొలిస్తే దూరం తెలిసిపోతుంది.

అమెరికాలోని ఎంఐటీలో ఆచార్య డీనా కటాబీ బృందం కట్టిన పరికరాలు ఇలాంటివే. సిరియా రాజధాని డమాస్కస్‌లో పుట్టిన కటాబీ, ఆమె విద్యార్థి ఫాదెల్ అదీబ్ 2013లో వైఫై తరహా తరంగాలతో గోడ అవతల మనిషి కదలికను పసిగట్టి చూపించారు. మరుసటి ఏడాది వచ్చిన వైట్రాక్ పరికరం సుమారు 5.5 నుంచి 7.25 గిగాహెర్ట్జ్ వరకు పౌనఃపున్యాన్ని పెంచుకుంటూ పోయేది. దాని శక్తి ఒక మిల్లీవాట్‌కన్నా తక్కువ. ఇళ్లలోని వైఫై రూటర్ సాధారణంగా వెదజల్లే శక్తితో పోల్చినా అది చాలా స్వల్పం. 2015లో ఈ బృందం అమెరికా అధ్యక్షభవనంలో బరాక్ ఒబామా ఎదుట, మనిషి పడిపోతే గుర్తించే పరికరాన్ని ప్రదర్శించింది.

గదిలో మనిషి ఒక్కడే ఉండడు. గోడలు, బీరువా, మంచం, ఫ్రిజ్ అన్నీ తరంగాన్ని తిప్పికొడతాయి, అదీ మనిషికన్నా గట్టిగా. కానీ బీరువా నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది. ఒక క్షణంలో వచ్చిన ప్రతిబింబం నుంచి అంతకుముందు క్షణంలో వచ్చినదాన్ని తీసివేస్తే, కదలనిదంతా చెరిగిపోయి కదిలేది మిగులుతుంది.

మరి నిద్రపోతున్న మనిషి సంగతి? అతడూ పూర్తిగా నిశ్చలంగా ఉండడు. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు లేచి దిగుతుంది. ఆరు గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఐదు సెంటీమీటర్లు. ఛాతీ అయిదు మిల్లీమీటర్లు ముందుకొస్తే తరంగం ప్రయాణం రానూపోనూ ఒక సెంటీమీటరు తగ్గుతుంది. అంటే తరంగం పొడవులో అయిదో వంతు తేడా. పరికరానికి అది చాలా స్పష్టమైన మార్పు. గుండె కొట్టుకున్నప్పుడు చర్మంలో కలిగే కదలిక మిల్లీమీటరులో కొద్ది వంతే అయినా, ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 సార్లు, గుండె 60 నుంచి 100 సార్లు కదులుతాయి కాబట్టి ఆ రెండు లయలనూ లెక్కల సాయంతో విడదీయవచ్చు. 2015లో ఎంఐటీ బృందం ప్రకటించిన ఫలితాల్లో, మనిషి ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నా, పక్క గదిలో ఉన్నా, ఊపిరినీ గుండె వేగాన్నీ 99 శాతం మధ్యగత కచ్చితత్వంతో కొలవగలిగారు. కాకపోతే ఆ సమయంలో మనిషి కూర్చునో, పడుకునో స్థిమితంగా ఉండాలి.

ఈ ఆలోచనకు చరిత్ర ఉంది. సూక్ష్మతరంగాలతో మనిషిని తాకకుండా శ్వాసను కొలవవచ్చని జేమ్స్ లిన్ 1975లోనే రాశారు. శిథిలాల కింద చిక్కుకున్నవారి గుండెచప్పుడును వెతికే నాసా పరికరం ఫైండర్, 2015 నేపాల్ భూకంపంలో చౌతారా దగ్గర నలుగురిని గుర్తించి ప్రాణాలతో బయటపడేసింది. విపత్తులో ఒక్కసారి పనికొచ్చే ఆ విద్యను, మామూలు ఇంట్లో ఏడాది పొడుగునా నిశ్శబ్దంగా పనిచేసేలా మలచడమే ఇప్పటి కృషి.

నడక తగ్గుతోందని ముందు తెలిసేది ఎవరికి?

పడిపోయినప్పుడు మోగే అలారం అందరికీ అర్థమయ్యే ఉపయోగం. నిజానికి ఈ విద్య విలువ అంతకన్నా లోతైనచోట ఉంది. పడకముందు నెలల తరబడి శరీరం చిన్న చిన్న సూచనలు ఇస్తూనే ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది నడక వేగం.

2011లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక విశ్లేషణ, 65 దాటిన 34,485 మంది వివరాలను కలిపి చూసింది. మామూలుగా నడిచే వేగం ఎంత తగ్గితే, ముందున్న ఆయుర్దాయం అంత తగ్గుతున్నట్టు అందులో తేలింది. ఆశ్చర్యం లేదు. నడవాలంటే గుండె, ఊపిరితిత్తులు, నరాలు, కండరాలు, కీళ్లు, చూపు అన్నీ ఒక్కటై పనిచేయాలి. వాటిలో ఏది సడలినా ముందుగా అడుగు నెమ్మదిస్తుంది. నడక వేగాన్ని ఆరో ప్రాణ సూచికగా చూడాలని వృద్ధుల వైద్యంలో పనిచేసేవారు అంటున్నది ఇందుకే.

ఆసుపత్రిలో దీన్ని కొలవడానికి నాలుగు మీటర్లు నడిపించి గడియారం చూస్తారు. డాక్టరు ముందు నడవమంటే ఎవరైనా కాస్త నిటారుగా, కాస్త చురుగ్గానే నడుస్తారు. తెల్లవారుజామున మంచం దిగి స్నానాలగదికి వెళ్లే అడుగు అలా ఉండదు. తెలుసుకోవలసింది ఆ అడుగునే. గోడకు తగిలించిన పరికరం రోజూ ఆ అడుగును కొలుస్తుంది.

పార్కిన్‌సన్స్ జబ్బు విషయంలో ఇది ఎంత మేలు చేయగలదో 2022లో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ పత్రికలో ఎంఐటీ బృందం, సహచర వైద్యులు ప్రచురించిన పనిలో కనబడుతుంది. యాభై మంది ఇళ్లలో పరికరాలు పెట్టారు. వారిలో 34 మందికి పార్కిన్‌సన్స్ ఉంది. కొందరిని ఏడాది వరకూ గమనించారు. రెండు లక్షలకు పైగా నడక కొలతలు పోగయ్యాయి. జబ్బు ఉన్నవారి నడక వేగం, లేనివారితో పోలిస్తే ఎక్కువ వేగంగా పడిపోతున్నట్టు స్పష్టంగా కనబడింది. మందు వేసుకున్నాక నడక ఎలా మెరుగైందో, దాని ప్రభావం తగ్గేకొద్దీ ఎలా మందగించిందో రోజులోని గంటల వారీగా తెలిసింది. నాలుగు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి పావుగంట చూసే వైద్యుడికి ఇలాంటి చిత్రం మరో విధంగా దొరకదు. మందు మోతాదు, వేళ మార్చడానికి అది నేరుగా పనికొస్తుంది.

రాత్రి ఊపిరిలో దాగిన జబ్బు

పార్కిన్‌సన్స్‌కూ ఊపిరికీ సంబంధం ఉందన్న గమనింపు 1817 నాటిది. ఆ జబ్బుకు తన పేరు మిగిల్చిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ తన వ్యాసంలో ఆ మాట ప్రస్తావించారు. మెదడు కాండంలో శ్వాసను నడిపించే భాగాలు, చేతులు వణకడానికి ఏళ్లముందే దెబ్బతినవచ్చు.

ఈ ఆధారంతోనే కటాబీ బృందం 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. మొత్తం 7,671 మంది నిద్రలోని శ్వాస నమోదులను కృత్రిమ మేధకు చూపించారు. కొన్ని ఛాతీకి కట్టే పట్టీతో తీసినవి, కొన్ని తాకకుండా రేడియో తరంగాలతో తీసినవి. రోగి ఒకరినీ ఆరోగ్యవంతుడు ఒకరినీ జతగా ఇస్తే, నూటికి సుమారు 90 జతల్లో ఎవరు రోగో అది సరిగ్గా పట్టింది. అంతవరకూ అసలు చూడని మరో ఆసుపత్రి సమాచారం ఇచ్చినప్పుడు అది 85కు తగ్గింది. ఆ తగ్గుదలను గుర్తుంచుకోవాలి. ఒకచోట నేర్చిన యంత్రం మరోచోట కాస్త తడబడుతుంది. రోగనిర్ధారణ చేయవలసింది నరాల వైద్యుడే. రాత్రి ఊపిరి తేడాగా ఉంది, వెళ్లి చూపించుకోండి అని ముందుగా చెప్పడం యంత్రం పని.

ఇంట్లో ఉన్న వైఫైతోనే

ప్రత్యేక పరికరం లేకుండా ఇంట్లో ఉన్న రూటర్‌తోనే ఇదంతా కుదురుతుందా? కొంతవరకు కుదురుతుంది. రూటర్ నుంచి ఫోన్‌కో టీవీకో వెళ్లే సంకేతం పదుల సంఖ్యలో సన్నని ఉప వాహక తరంగాలుగా చీలి ప్రయాణిస్తుంది. ప్రతిదీ గోడలను, మనుషులను తాకుతూ కొద్దిగా వేరువేరుగా మారి చేరుతుంది. సమాచారాన్ని తప్పుల్లేకుండా అందుకోవడానికి వైఫై చిప్ ఈ మార్పులను ఎలాగూ లెక్కగడుతూనే ఉంటుంది. 2011లో ఇంటెల్ వారి సాధారణ వైఫై కార్డు నుంచి ఆ లెక్కలను బయటికి తీసే సాఫ్ట్‌వేర్ పరిశోధకుల చేతికి వచ్చింది. అప్పటినుంచి ఈ రంగంలో పరిశోధన వరదలా పెరిగింది. వైఫై పరికరాలు పరిసరాలను పసిగట్టే పద్ధతికి ఐఈఈఈ సంస్థ 802.11బీఎఫ్ అనే ప్రమాణాన్ని 2025లో ఆమోదించింది. ఇకమీదట కొనే రూటర్లకు ఈ శక్తి క్రమంగా పుట్టుకతోనే రావచ్చు.

దీనికి తోడు 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న రాడార్ చిప్‌లున్నాయి. 2021లో గూగుల్ తన నెస్ట్ హబ్ అనే పరికరంలో, మంచం పక్కన ఉండి నిద్రను గమనించేందుకు ఇలాంటి చిప్‌నే వాడింది. ఇవి చాలా సూక్ష్మంగా చూడగలవు గానీ గోడ దాటలేవు. కాబట్టి గదికొకటి కావాలి. తక్కువ పౌనఃపున్యాల తరంగాలు గోడ దాటుతాయి. అయితే అమెరికా ఇళ్లలో గదుల మధ్య ఉండేవి ఎక్కువగా పలుచని జిప్సం పలకల గోడలు. మన ఇళ్ల ఇటుక గోడలు, ఇనుప కమ్ములున్న కాంక్రీటు తరంగాన్ని ఎక్కువగా అడ్డుకుంటాయి. అక్కడ ఇల్లంతటికీ సరిపోయిన పరికరం ఇక్కడ రెండు గదులకే సరిపోవచ్చు. కరెంటు పోతే రూటర్‌తోపాటు కాపలా కూడా ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ సంగతీ ముందే చూసుకోవాలి.

యంత్రం ఎక్కడ పొరబడుతుంది?

పడిపోవడాన్ని గుర్తించే పని వినడానికి తేలిక. చేయడం కష్టం. సోఫాలో ఒక్కసారిగా కూలబడినా, నేలమీద కూర్చుని కూరగాయలు తరగడానికి సిద్ధపడినా, నమాజులో వంగినా, మనవడు మంచం మీంచి కిందికి దూకినా యంత్రానికి ఒకేలా కనబడే అవకాశం ఉంది. 2018లో ఎంఐటీ బృందం చేసిన అర్యోకీ అనే పద్ధతిని 140 మందితో, 57 వేర్వేరు పరిసరాల్లో పరీక్షించారు. నూరుసార్లు పడితే 94 సార్లు పట్టుకుంది. నూరుసార్లు అలారం మోగిస్తే 92 సార్లు నిజమైంది.

ఈ అంకెలు పరీక్షకు చెందినవి. ఆ పరీక్షల్లో పడిపోవడాలు కావాలని ఎక్కువగా చేయించినవి. నిజమైన ఇంట్లో మనిషి పడేది ఏడాదికి ఏ ఒకటి రెండుసార్లో. కూర్చోవడం, వంగడం, పిల్లలు దూకడం మాత్రం రోజూ ఉంటాయి. కాబట్టి అదే యంత్రం ఇంట్లో మోగించే అలారాల్లో ఉత్తుత్తివాటి వాటా పరీక్షలో కన్నా ఎక్కువే ఉంటుంది. నాలుగుసార్లు ఊరికే మోగితే ఐదోసారి ఎవరూ పట్టించుకోరు. అలారం మోగాక ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి అడగడం, ఎత్తకపోతే పొరుగువారిని పంపడం అనే వరస లేకుండా ఇలాంటి పరికరం నిలవదు.

ఇంకో చిక్కు, మనుషులు ఎక్కువగా ఉన్న ఇల్లు. ఇద్దరు దగ్గరదగ్గరగా కూర్చుంటే ఎవరి ఊపిరి ఏదో విడదీయడం కష్టం. ఒంటరిగా ఉండే అమెరికా వృద్ధురాలి ఇంటి కోసం సిద్ధం చేసిన పద్ధతి, కోడలు, మనవలు, పనిమనిషి తిరిగే మన ఇంటికి నేరుగా సరిపోదు. ఇక్కడి ఇళ్లలో, ఇక్కడి పెద్దవాళ్లతో, నేలమీద కూర్చునే అలవాటును లెక్కలోకి తీసుకుని పరీక్షలు జరగాలి.

అడగవలసిన మాట

2011 జనగణనలో దేశ జనాభాలో 60 దాటినవారు 8.6 శాతం కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు 60 దాటినవారే. దేశవ్యాప్తంగా 2017-18లో జరిగిన లాసీ అనే వృద్ధాప్య సర్వేలో, 60 దాటినవారిలో సుమారు 6 శాతం ఒంటరిగా, ఐదో వంతు భార్యాభర్తలిద్దరే ఉంటున్నట్టు తేలింది. పిల్లలు డాలస్‌లోనో, దుబాయ్‌లోనో, బెంగళూరులోనో ఉండగా అమ్మానాన్నలు ఊళ్లో ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఈ లెక్కలోనివే. అమ్మ రాత్రి నాలుగుసార్లు లేచిందని, నాన్న నడక ఈ నెలలో మందగించిందని ఖండాంతరంలో ఉన్న కొడుక్కి తెలియడం చిన్న విషయం కాదు. అమ్మకు రోజూ ఫోన్ చేసి అడిగితే వచ్చే జవాబు "నాకేం, బాగానే ఉన్నాను" అనే కదా.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఈ పరికరం గొప్పదనమంతా పెద్దవాళ్లను ఏమీ అడగకపోవడంలోనే ఉంది. పెట్టుకోమనదు, నొక్కమనదు, గుర్తుంచుకోమనదు. దాని ప్రమాదమూ అక్కడే ఉంది. గోడమీద ఒక తెల్లని డబ్బా తగిలించి "ఇది వైఫైది" అని చెప్పి వెళ్లిపోతే, ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు లేచారో, ఎన్నిసార్లు స్నానాలగదికి వెళ్లారో, ఎవరు వచ్చి వెళ్లారో అన్నీ మరొకరికి తెలుస్తుంటాయి. బొమ్మ లేదు కాబట్టి గోప్యతకు భంగం లేదనడం సరికాదు. ఊపిరి, నిద్ర, నడక, ఇంట్లో మనుషులు లేని వేళలు బొమ్మకన్నా లోతైన సంగతులు. బీమా కంపెనీ చేతికో దొంగ చేతికో చిక్కితే వాటితో జరిగే కీడు తక్కువది కాదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సంస్థలు మన సమాచారం తీసుకోవాలంటే స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలంటుంది. ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కునూ ఇస్తుంది. అయితే ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే చట్టం కంపెనీని అడ్డుకుంటుంది గానీ, తల్లిని ఆమెకు తెలియకుండా గమనించే కొడుకును అడ్డుకోదు. ఆ హద్దు గీసుకోవలసింది కుటుంబమే.

అందుకే ఇలాంటి పరికరం ఇంట్లో పెట్టాలనుకునేవారు ముందు అమ్మానాన్నల ఎదుట కూర్చుని మాట్లాడాలి. ఇది ఏం చూస్తుంది, ఏం చూడదు, ఎవరికి చెబుతుంది అన్నవి వాళ్ల భాషలో చెప్పాలి. ఏ గదిలో వద్దంటారో అడగాలి. దాన్ని ఆపేసే స్విచ్ వాళ్ల చేతికి అందేచోట ఉండాలి. వచ్చిన కొలతలను ముందు వాళ్లకే చూపించాలి. వాళ్ల నడక గురించి తెలుసుకునే మొదటి హక్కు వాళ్లదే. మతిమరుపు ముదిరాక అడగడం కుదరదు కాబట్టి, చెప్పగలిగిన రోజుల్లోనే వాళ్ల మాట తెలుసుకుని ఉంచుకోవాలి. పరికరం అమ్మే కంపెనీని సమాచారం ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరికి ఇస్తారు అని రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే కొనవద్దు.

యంత్రం తెచ్చినా తేకపోయినా ఇప్పుడే చేయగలిగిన పనులున్నాయి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, జారని చాప వేయండి, మంచం నుంచి తలుపు దాకా రాత్రి వెలుతురు ఉండేలా చూడండి. తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగింట్లో ఇవ్వండి. అత్యవసరమైతే 108కి, పెద్దల సమస్యలకు సలహా, సాయం కావాలంటే 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయాలని వాళ్లకూ, పొరుగువారికీ చెప్పి ఉంచండి. రేడియో తరంగం మనిషి పడిపోయాడని చెప్పగలదు, నడక తగ్గిందని చెప్పగలదు. వచ్చి చెయ్యి అందించి లేపవలసింది మనిషే. ఆ మనిషి ఎవరో ముందు ఖాయం చేసుకుని, అమ్మానాన్నల అనుమతి తీసుకుని, ఆ తర్వాతే గోడకు డబ్బా తగిలించండి.